టీవీ వద్దన్న ఊరు

ప్రాథమిక తరగతుల్లో మేము చాలా ఏళ్లు ఒక పాఠం చెప్పాము. మంచు ప్రాంతంలో ఉండేవారు ఎస్కిమోలు, వారి ఇల్లు ఇగ్లూ, వారి తిండి సీల్ మాంసం, వారి బండిని కుక్కలు లాగుతాయి. బోర్డు మీద గుండ్రంగా ఇగ్లూ బొమ్మ గీస్తే పిల్లలు ముచ్చటపడి పలకల మీద దింపుకునేవారు. ఎక్కడో పట్నంలో ఇంకో టీచరు ఇదే తీరున ‘కోయలు అడవిలో ఉంటారు, విల్లంబులు పట్టుకుంటారు, ఇప్పపువ్వు ఏరుకుంటారు’ అని చెబుతూ ఉంటాడని మాకు అప్పుడు తట్టలేదు.

ఎస్కిమో అన్నది బయటివాళ్లు పెట్టిన పేరు. కెనడా ఉత్తరాన ఉన్న ఆ జనం తమను ఇనుయిట్ అని పిలుచుకుంటారు. ఆ మాటకు మనుషులు అని అర్థం. వారి భాష ఇనుక్టిటుట్. దానికి సొంత అక్షరాలున్నాయి, ఆ అక్షరాలతో పుస్తకాలూ పత్రికలూ వస్తాయి. ఈ సంగతులు మా పాఠంలో లేవు. ఇగ్లూ, కుక్కలబండి ఉన్నాయి. అవే ఎందుకు ఉన్నాయి అని వెతుక్కుంటూ పోతే ఒక సినిమా దగ్గర తేలాము. ఆ సినిమాతో మొదలుపెట్టి, ఎనభై ఏళ్ల తర్వాత ఆ జనమే తీసిన ఇంకో సినిమా దాకా జరిగిన చరిత్రను మన యువతకు, తోటి ఉపాధ్యాయులకు చెప్పాలని ఈ వ్యాసం.

మొదటి సినిమా పేరు ‘నానూక్ ఆఫ్ ది నార్త్’. 1922లో విడుదలైంది. తీసినవాడు రాబర్ట్ ఫ్లాహర్టీ అనే అమెరికన్. ఖర్చు పెట్టింది జంతుచర్మాల వ్యాపారం చేసే రెవియాన్ అనే ఫ్రెంచి కంపెనీ. హడ్సన్ అఖాతం తూర్పు ఒడ్డున ఇనుక్జువాక్ అనే చోట 1920, 1921లలో చిత్రీకరించారు. నిజజీవితాన్ని చూపిన తొలి పెద్ద చిత్రంగా సినిమా చరిత్ర పుస్తకాలు దీన్ని చెప్పుకుంటాయి. ప్రపంచమంతా ఆడింది. ఇనుయిట్ అంటే బయటి లోకానికి కళ్ల ముందు మెదిలే బొమ్మ చాలావరకు ఈ సినిమా గీసిందే.

అందులో నానూక్‌గా కనిపించిన వేటగాడి అసలు పేరు అల్లకరియల్లాక్. నానూక్ అంటే ధ్రువపు ఎలుగుబంటి. బయటి ప్రేక్షకుల నోట తేలిగ్గా పలికే పేరు కావాలని అది పెట్టారు. భార్యగా కనిపించిన స్త్రీ ఆయన భార్య కాదు. ఆ కాలానికి ఇనుయిట్ వేటగాళ్ల చేతుల్లో తుపాకులు వచ్చేశాయి, కాని సినిమాలో ఈటెలే పట్టుకోవాలన్నారు. ఇగ్లూ లోపల కెమెరాకు వెలుతురు చాలక, ఒక పక్క గోడ లేకుండా పెద్ద ఇగ్లూ కట్టించారు. ఆ సగం ఇంట్లో చలిగాలికి బట్టలు విప్పి పడుకుంటున్నట్టు నటించింది ఆ కుటుంబమే. అన్నింటికంటే మమ్మల్ని బాధపెట్టింది గ్రామఫోను దృశ్యం. వ్యాపారి గ్రామఫోను పెట్టి పాట వినిపిస్తాడు. అల్లకరియల్లాక్ ఆశ్చర్యపడి నవ్వి, ఆ రికార్డును నోట పెట్టి కొరికి చూస్తాడు. ఏమీ తెలియని అడవి మనిషిని చూసి ప్రేక్షకులు నవ్వాలి, అంతే. నిజానికి గ్రామఫోను అంటే ఏమిటో ఆయనకు తెలుసు. కెమెరా పాడైతే బాగుచేయడంలో, రీళ్లు కడగడానికి మంచు పగలగొట్టి నీళ్లు మోయడంలో ఫ్లాహర్టీకి చేయి అందించినవాళ్లు ఇనుయిట్‌లే. వారి పనితనం తెర వెనక ఉండిపోయింది, తెర మీద వారి ‘అమాయకత్వం’ మిగిలింది.

ఫ్లాహర్టీని దుర్మార్గుడు అనడం మా ఉద్దేశం కాదు. ఆయనకు ఆ జనమంటే ఇష్టమే, సినిమాలో వారి ఓర్పూ నేర్పూ కూడా కనిపిస్తాయి. కాని ఇష్టపడి తీసినా బొమ్మ ఎవరిదో నిర్ణయించే అధికారం ఆయన దగ్గరే ఉంది. ఆయన వెళ్లిపోయాక, సినిమాలో భార్యగా నటించిన ఆ స్త్రీకి ఆయన వల్ల ఒక కొడుకు పుట్టాడు. ఆ బిడ్డను ఆయన ఎన్నడూ చూడలేదు. ఆ కొడుకు జోసెఫీ పెద్దవాడయ్యాక, 1950లలో కెనడా ప్రభుత్వం ఇనుక్జువాక్ కుటుంబాలను కొన్నింటిని సుమారు 2,000 కిలోమీటర్ల ఉత్తరానికి, గ్రైస్ ఫియోర్డ్ అనే చోటికి తరలించింది. అక్కడ వేట బాగా దొరుకుతుంది అన్నారు. చేరాక చూస్తే నెలల తరబడి చీకటి, తెలియని నేల. జోసెఫీ కుటుంబం కూడా అలా వెళ్లిన వాటిలో ఒకటి. ఈ తరలింపులకు కెనడా ప్రభుత్వం 2010లో క్షమాపణ చెప్పింది. నిర్వాసితులు అన్న మాట మన ప్రాంతంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు కాబట్టి ఇక్కడ ఎక్కువ రాయనక్కరలేదు.

ఇప్పుడు ఇగ్లూలిక్‌కు వద్దాం. ఉత్తర కెనడాలో ఒక చిన్న దీవి మీద ఉన్న ఊరు అది. చలికాలంలో వారాల తరబడి సూర్యుడు కనిపించడు. 1970లలో ఉపగ్రహాల సాయంతో ఉత్తరాది ఊళ్లకు ఒక్కొక్కదానికీ టీవీ వస్తోంది. ఇగ్లూలిక్‌కూ ఇస్తామన్నారు. ఊరివాళ్లు 1975లో ఓటు వేసుకున్నారు. వద్దన్నారు. 1979లో మళ్లీ అడిగారు, మళ్లీ ఓటు వేశారు, మళ్లీ వద్దన్నారు. వచ్చే కార్యక్రమాలు అన్నీ దక్షిణాది నగరాలవి, ఇంగ్లీషువి. అందులో తమ భాష ఒక్క ముక్క లేదు. అది ఇంట్లోకి వస్తే పిల్లలు ముసలివాళ్ల మాట వినడం మానేస్తారని పెద్దల భయం. చివరకు 1983లో ఒప్పుకున్నారు. అప్పటికి ఇనుయిట్ ప్రసార సంస్థ ఏర్పడి, ఇనుక్టిటుట్‌లో కార్యక్రమాలు మొదలయ్యాయి.

ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు మేము పుస్తకం పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాము. మా గూడేలకు టీవీ వచ్చినప్పుడు మమ్మల్ని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే మేము వద్దనేవాళ్లం కూడా కాదు, పరుగెత్తి చూశాము.

ఆ ఊరి మనిషే జకరియాస్ కునుక్. 1957లో కపుయివిక్ అనే వేట మకాంలో పుట్టాడు. తండ్రి వేటగాడు. పడుకునే ముందు తల్లి చెప్పే పాతకథలు వింటూ పెరిగాడు. ఆయనకు తొమ్మిదేళ్లప్పుడు, 1966లో, పిల్లల్ని బడికి పంపాలని ప్రభుత్వం నుంచి మాట వచ్చింది. వేట మకాం నుంచి తీసుకొచ్చి ఇగ్లూలిక్ బడిలో వేశారు. బడిలో ఇంగ్లీషు. ఊరి హాలులో అప్పుడప్పుడు సినిమాలు వేసేవారు. టికెట్టు డబ్బుల కోసం కునుక్ బలపపు రాయితో చిన్న చిన్న బొమ్మలు చెక్కి అమ్మేవాడు. చూసినవి ఎక్కువగా జాన్ వేన్ గుర్రపు స్వారీ సినిమాలు. అందులో తెల్ల సైనికులు మంచివాళ్లు, రెడ్ ఇండియన్లు అని పిలిచే ఆదివాసులు చెడ్డవాళ్లు. బాణాలు దిగిన సైనికుడిని చూసి తనూ సైనికుల పక్షాన నిలబడి ఉలిక్కిపడేవాడినని, సైనికుడిలా ఆలోచించడమే బడిలో తాను నేర్చుకున్న చదువు అని తర్వాత రోజుల్లో కునుక్ రాసుకున్నాడు. మనలో ఎంతమందిమి సినిమాల్లో ‘హుంబ హుంబ’ అని గంతులేసే కోయదొరను చూసి అందరితోపాటు నవ్వలేదు? మేము నవ్వాము. అప్పటికి మా ఇంట్లో మాట్లాడేది కోయ భాషే.

కునుక్ పెద్దయ్యాక పేరున్న శిల్పి అయ్యాడు. 1981లో తన బొమ్మలు మాంట్రియల్‌కు తీసుకెళ్లి అమ్మి, ఆ డబ్బుతో ఒక వీడియో కెమెరా, క్యాసెట్ యంత్రం, టీవీ పెట్టె కొని ఊరికి తెచ్చుకున్నాడు. ఊరు ఇంకా టీవీ వద్దంటున్న రోజులవి. వేటకు వెళ్లిన తండ్రినీ, వారి మాటల్నీ చిత్రించి ఇంట్లో వేసుకుని చూస్తుంటే, ఊరి పిల్లలు కిటికీ దగ్గర గుమిగూడి లోపలికి తొంగిచూసేవారట. బయటి టీవీ రాకముందే ఆ ఊళ్లో పిల్లలు తెర మీద తమ మనుషుల్ని, తమ భాషను చూశారన్నమాట.

తర్వాత ఆయన ఇనుయిట్ ప్రసార సంస్థలో చేరాడు. అక్కడ పాల్ అపాక్ అంగిలిర్క్ అనే ఇగ్లూలిక్ మనిషి తోడయ్యాడు. సంస్థ ఇనుయిట్‌లదే అయినా, నిర్ణయాలు దూరాన ఉన్న కార్యాలయాల్లో జరిగేవి. ఏది తీయాలో, ఎప్పుడు తీయాలో ఊళ్లో ఉన్నవాళ్ల చేతిలో లేదు. చివరకు 1990లో కునుక్, అపాక్, ఊరి పెద్ద పౌలూసీ కులితాలిక్, న్యూయార్క్ నుంచి వచ్చిన వీడియో కళాకారుడు నార్మన్ కోన్ కలిసి ఇసుమా అనే సొంత సంస్థ పెట్టుకున్నారు. ఇసుమా అంటే ఆలోచన. మరుసటి ఏడాదే ఆ ఊరి స్త్రీలు అర్నాయిత్ పేరుతో వేరే వీడియో బృందం మొదలుపెట్టారు. మగవాళ్లు వేట కథలు తీస్తుంటే వీళ్లు కాన్పులు, కుట్టుపని, ఆడవాళ్ల జ్ఞాపకాలు రికార్డు చేశారు. దాని గురించి విడిగా ఒక వ్యాసమే రాయవచ్చు.

అపాక్ చేసిన పని మాకు అన్నింటికంటే గొప్పదిగా కనిపిస్తుంది. అటనార్జువాట్ అనే పరుగువీరుడి కథ ఆ ప్రాంతంలో తరతరాలుగా చెప్పుకునేది. అన్నదమ్ములు పడుకున్న గుడారాన్ని పగవాళ్లు కూలదోసి ఈటెలతో పొడుస్తారు. అన్న చనిపోతాడు. తమ్ముడు అటనార్జువాట్ ఒంటి మీద నూలుపోగు లేకుండా సముద్రపు మంచు మీద పరుగెత్తి, మంచు విడిపోయిన పెద్ద నీటి చీలికను దూకి, ఒక ముసలి దంపతుల దగ్గర చేరి బతుకుతాడు. ఈ కథను సినిమాగా రాయాలనుకున్నప్పుడు అపాక్ బల్ల ముందు కూర్చుని రాయడం మొదలుపెట్టలేదు. ఎనిమిది మంది పెద్దల దగ్గరికి వెళ్లి ఒక్కొక్కరి నోట ఈ కథ చెప్పించి రికార్డు చేశాడు. ఒకరు చెప్పినట్టు ఇంకొకరు చెప్పలేదు. ఆ తేడాలన్నీ పక్కపక్కన పెట్టుకుని, బృందంతో కూర్చుని కథ అల్లాడు. రాత ఇనుక్టిటుట్‌లో జరిగింది, డబ్బు ఇచ్చేవాళ్ల కోసం ఇంగ్లీషు ప్రతి తయారుచేశారు. పాత మాటలు ఎలా పలకాలి, ఏ కాలంలో ఏ బట్ట కట్టేవారు అన్నది పెద్దలే సరిచూశారు.

సినిమా పూర్తి కాకుండానే, 1998లో అపాక్ క్యాన్సర్‌తో చనిపోయాడు.

మా ప్రాంతంలో పడిగె విప్పి సమ్మక్క కథ రాత్రంతా చెప్పే డోలీ పెద్ద ఒకాయన ఉండేవాడు. గుడ్డ మీద బొమ్మలు వరసగా ఉంటాయి, ఆయన పాడుతూ ఒక్కో బొమ్మ మీదికి వస్తుంటే అవి కదులుతున్నట్టే అనిపించేది. సెలవుల్లో వెళ్లి ఆయన పాట మొత్తం రికార్డు చేయాలని మేము మూడేళ్లు అనుకున్నాము. మొదటి ఏడాది శిక్షణ తరగతులు, రెండో ఏడాది ఎన్నికల డ్యూటీ, మూడో ఏడాది ఆయనే లేడు. మా ఫోనులో ఆయన గొంతు నాలుగు నిమిషాలు ఉంది. అందులో సగం పక్కన ఎవరో మాట్లాడుకుంటున్న చప్పుడు. అందుకే అపాక్ ఎనిమిది మంది దగ్గరికి తిరిగాడన్న వాక్యం చదివితే మాకు సిగ్గు కలుగుతుంది.

డబ్బు దగ్గర ఇసుమా చాలా కష్టాలు పడింది. కెనడాలో సినిమాలకు ప్రభుత్వ నిధి ఉంది. ఇంగ్లీషు, ఫ్రెంచి సినిమాలకు ఒక లెక్క, ఆదివాసీ భాషల సినిమాలకు వేరే చిన్న లెక్క. ఆ చిన్న వాటాలో పెద్ద సినిమా తీయడం కుదరదు. ఎందుకు ఈ తేడా అని వాళ్లు పోట్లాడారు. చివరకు కెనడా జాతీయ ఫిల్మ్ బోర్డు భాగస్వామిగా చేరింది. మొత్తం ఖర్చు సుమారు 20 లక్షల కెనడా డాలర్లు, వారి లెక్కల్లో అది చిన్న సినిమా. ఆ డబ్బులో చాలా భాగం ఊళ్లోనే పనివాళ్ల కూలిగా తిరిగింది. ఊరి స్త్రీలు చర్మాలు మెత్తచేసి పాతకాలపు దుస్తులు కుట్టారు. ఎముకతో, కొమ్ముతో పనిముట్లు చేశారు. నటులు అందరూ ఇనుయిట్‌లే. అటనార్జువాట్‌గా వేసిన నతార్ ఉంగలాక్ కూడా శిల్పే. మంచు మీద ఆయన నిజంగానే ఒట్టి ఒంటితో పరుగెత్తాడు.

ఒక మార్పు మాత్రం కావాలని చేశారు. పాతకథలో అటనార్జువాట్ తిరిగి వచ్చి పగవాళ్లను చంపుతాడు. సినిమాలో వాళ్లను పడగొట్టి, ఇక చంపుకోవడం ఇక్కడితో ఆగాలంటాడు. ఊరి ముసలామె వారిని వెళ్లగొడుతుంది. కథను మార్చవచ్చా అని మన పెద్దల్లో కొందరు అడుగుతారు. మా అభిప్రాయం ఏమిటంటే, పెద్దలు చెప్పిన తీర్లన్నీ విన్నవాళ్లకు మార్చే హక్కు ఉంది. వినకుండా మార్చేవాళ్లకు లేదు.

‘అటనార్జువాట్’ 2001లో విడుదలైంది. మొదటగా ఇగ్లూలిక్ జనమే చూశారు. ఆ ఏడాదే ఫ్రాన్సులో కాన్ చిత్రోత్సవంలో తొలి చిత్ర దర్శకులకిచ్చే కెమెరా దోర్ బహుమతి కునుక్‌కు వచ్చింది. మొదలు నుంచి చివర దాకా ఇనుక్టిటుట్‌లోనే ఉన్న తొలి కథాచిత్రం ఇది. 2015లో టొరంటో చిత్రోత్సవం వారు నిపుణులను అడిగి వేసిన జాబితాలో కెనడా సినిమాలన్నింటిలో మొదటి స్థానం దీనికే దక్కింది. సినిమా అయిపోయి పేర్లు పడుతున్నప్పుడు లేచిపోకండి. అక్కడ చిత్రీకరణ దృశ్యాలు వేశారు. కళ్లద్దాలు, తోలు జాకెట్లు వేసుకున్న నటులు, స్లెడ్జి మీద నిలబెట్టిన కెమెరా, దాన్ని తోస్తున్న మనుషులు కనిపిస్తారు. నానూక్ దాచిపెట్టిన తుపాకీలను, రీళ్లు కడిగిన చేతులను ఒకసారి తలుచుకుని ఆ దృశ్యం చూడండి.

ఇక కదిలే బొమ్మల సంగతి. మా పిల్లలు అడిగేది ముందు దాని గురించే. 1970ల మొదట్లో జాతీయ ఫిల్మ్ బోర్డు వారు కేప్ డోర్సెట్ అనే ఊళ్లో బొమ్మలు కదిలించడం నేర్పే శిబిరం పెట్టారు. అచ్చుబొమ్మలకు అప్పటికే పేరున్న ఊరు అది. సినిమాలో ఒక సెకనుకు 24 బొమ్మలు పోతాయి. ఒక్కో బొమ్మకూ కొంచెం కొంచెం మార్చి ఫొటో తీయాలి. రాయి చెక్కడంలో ఓపిక నేర్చిన చేతులకు ఇది కొత్త కాదు. ఆ ఊరి యువకులు చేసిన చిన్న చిత్రాలన్నీ కలిపి 1973లో ఒక చిత్రంగా వచ్చాయి. ఆ కాలంలోనే బయటి కళాకారులు ఇనుయిట్‌ల కథలు, బొమ్మలు తీసుకుని చిత్రాలు చేశారు. కరోలిన్ లీఫ్ అనే ఆమె 1974లో గుడ్లగూబ బాతుజాతి పక్షిని పెళ్లాడిన కథ తీసింది. కింద దీపం పెట్టిన గాజుపలక మీద ఇసుక పోసి, వేలితో జరుపుతూ, జరిపిన ప్రతిసారీ ఒక ఫొటో. నానొగాక్ అనే ఇనుయిట్ చిత్రకారిణి దానికి బొమ్మలు గీసి ఇచ్చింది, గొంతులు ఇనుయిట్‌లవి. ఇందులో ఖరీదైన వస్తువు కెమెరా ఒక్కటే. అదీ ఇప్పుడు ఫోనులో ఉంది. మా బడిలో వాగు ఇసుక తెచ్చి, కిటికీ అద్దం మీద పోసి ప్రయత్నించాము. నలభై ఫొటోలకు రెండు సెకన్ల చేప వచ్చింది. పిల్లలు దాన్ని వంద సార్లు చూసుకున్నారు.

1975లో కో హోడెమన్ అనే దర్శకుడు గుడ్డి కుర్రవాడు, లూన్ పక్షి కథను ‘లుమాక్’ పేరుతో కదిలే బొమ్మలుగా తీశాడు. 2010లో అదే కథను అలేథియా అర్నాకుక్-బరిల్ అనే ఇనుయిట్ యువతి తన భాషలో మళ్లీ తీసింది. మంచి చిత్రం ఒకటి ఉండగా మళ్లీ ఎందుకు అని ఎవరూ అడగలేదనుకుంటాము. కునుక్ కూడా 2021లో బొమ్మలను అంగుళం అంగుళం కదిలించి చిన్న చిత్రం చేశాడు. మన వడ్డె వంటి ముసలామె, ఆమె దగ్గర పని నేర్చుకుంటున్న మనవరాలు, ఒక రోగికి జబ్బు ఎందుకొచ్చిందో అడగడానికి నేల కిందికి వెళ్లే కథ అది. అదే ఏడాది టొరంటోలో ఉత్తమ కెనడా లఘుచిత్రంగా బహుమతి పొందింది.

ఇదంతా గెలుపుల వరసలా వినిపించకూడదు. బహుమతులు వచ్చిన పదేళ్లకు, 2011లో, ఇసుమా సంస్థ అప్పుల్లో మునిగి మూతపడింది. అప్పటికే వాళ్లు ఇంటర్నెట్‌లో పెట్టిన ఇసుమా టీవీ మాత్రం ఆగలేదు. పాత వీడియోలన్నీ అందులో ఉంచారు. చాలా వాటిని డబ్బు కట్టకుండా చూడవచ్చు. ఉపాధ్యాయ మిత్రులు ‘నునావుత్’ అనే 13 భాగాల వరసతో మొదలుపెడితే మంచిది. మాటలు అర్థం కాకపోయినా పిల్లలకు పనులు అర్థమవుతాయి.

అటనార్జువాట్ సినిమాలో పూజాగా వేసిన లూసీ తులుగార్జుక్ తర్వాత తనే దర్శకురాలయింది. 2021 జనవరిలో ఉవగుత్ టీవీ అనే కొత్త ఛానెల్ మొదలైనప్పుడు దాన్ని నడిపినవారిలో ఆమె ముందున్నది. రోజంతా ఇనుయిట్ భాషలోనే సాగే ఛానెల్ కెనడాలో అదే మొదటిది. ఉవగుత్ అంటే మనం. ఇగ్లూలిక్ రెండుసార్లు ఓటు వేసి టీవీ వద్దన్నప్పుడు ఓటు హక్కు లేని పిల్లలు కొందరు, ఇప్పుడు తాతలూ అమ్మమ్మలూ అయి, ఆ ఛానెల్లో మనవళ్లకు కథలు చెబుతున్న వయసుకు వచ్చారు.